ఇంట్లో కలుపుకునే పురుగు మందులు: ఏది పనిచేసింది, ఏది వాసనతోనే సరిపెట్టింది

ఇంట్లో కలుపుకునే పురుగు మందుల్లో నా ఓటు సబ్బు నీళ్లకే. రెండోది వేపనూనె. ఆకుల మీద తెల్లటి పొడిలా పట్టే బూడిద తెగులు వరకైతే పాల నీళ్లు. వెల్లుల్లి, మిర్చి నూరి చేసే కషాయానికి సగం మార్కులే ఇస్తాను. పొగాకు కషాయం, వెనిగర్, ఉప్పు నీళ్లు నా తోటలోకి రానివ్వను. ఈ తీర్పు ముందే చెప్పడానికి కారణం ఉంది. పురుగు పట్టిన మొక్క ఎదురుగా పెట్టుకుని ఇది చదివేవాళ్లకి తీరిక ఉండదు. చిగుళ్లలో పేనుబంక కనిపిస్తుంటే ముందు వెళ్లి ఆకు అడుగున తడిసేలా సబ్బు నీళ్లు కొట్టి రండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

నేను కుండీల్లో పెంచేవి వంగ, బెండ, మిరప, టమాటా, చిక్కుడు, కొన్ని గులాబీలు, మందారాలు. కాయలు కోసుకుని తినేవి కాబట్టి రేపు కోసే కాయ మీద ఈరోజు ఏం పడిందన్నది నాకు చాలా పెద్ద సంగతి. అందుకే ప్రతి మందునీ నాలుగు విషయాల్లో చూశాను. పురుగు నిజంగా తగ్గిందా, ఆకు మాడిందా, కలపడానికి ఎంత శ్రమ, ఏది పడితే అది తినే పసిపిల్లలూ పెంపుడు జంతువులూ తిరిగే చోట దాన్ని ఉంచొచ్చా. సహజమైనది అన్న ఒక్క మాటతో ఏ మందుకీ మార్కులు వేయలేదు. నికోటిన్ కూడా మొక్కలోంచి వచ్చేదే.

సబ్బు నీళ్ల కన్నా ముందు ఉత్త నీళ్లకి రెండు మాటలు కేటాయించాలి. పైపుకి సన్నటి నాజిల్ పెట్టి, కొమ్మని అరచేతిలో ఆనించి పట్టుకుని, ఆకుల అడుగు భాగానికి గట్టిగా నీళ్లు కొడితే పేనుబంకలో చాలా భాగం రాలిపోతుంది. కిందపడ్డవాటిలో ఎక్కువ మళ్లీ పైకి ఎక్కి రాలేవు. ఎర్రనల్లి దుమ్ము పట్టిన, పొడిబారిన ఆకుల్ని ఇష్టపడుతుంది కాబట్టి దానికీ ఇదే మొదటి దెబ్బ. లేత మొలకలకు, పూత మీదున్న మొక్కలకు ఇంత ధాటి పనికిరాదు. గట్టిపడిన కాండం ఉన్న మొక్కలకైతే నేను వేరే ఏ సీసా తీయకముందు ఇదే చేస్తాను.

ఇక సబ్బు నీళ్లు. వీటి మీద చాలామందికి చిన్నచూపు. కషాయం అంటే కనీసం ఏదో ఒకటి ఉడకాలి, ఘాటుగా వాసన రావాలి అనుకుంటారు. కానీ సబ్బు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ చిన్నచూపు పోతుంది. పేనుబంక, తెల్లదోమ పిల్లపురుగులు, పిండినల్లి పిల్లలు, ఎర్రనల్లి, ఇవన్నీ మెత్తటి ఒళ్లున్నవి. సబ్బులో ఉండే కొవ్వు ఆమ్లాల లవణాలు ఆ ఒంటి పైపొరనీ, లోపలి కణాల పొరల్నీ దెబ్బతీస్తాయి. ఒంట్లో తేమ నిలవక పురుగు ఎండిపోతుంది. ఇదంతా ద్రావణం తడిగా ఉన్నంతసేపే. ఆరిపోయాక ఆకు మీద మిగిలిన సబ్బుకి పురుగుని చంపే శక్తి లేదు.

ఈ ఒక్క లక్షణంలోనే దాని మంచీ చెడూ రెండూ ఉన్నాయి. మధ్యాహ్నం వచ్చి వాలే తేనెటీగకి, పొద్దున కొట్టి ఆరిపోయిన సబ్బుతో ఏ హానీ లేదు. కాయ కోసి కడుక్కుంటే చాలు, రోజులు లెక్కపెట్టుకునే పని లేదు. అదే సమయంలో, ద్రావణం తగలని పురుగు ఒక్కటి కూడా చావదు. ఆకు పైన మాత్రమే కొట్టి సబ్బు పనిచేయలేదు అనేవాళ్లు చాలామంది. పురుగులన్నీ ఆకు అడుగున ఈనెల పక్కన కూర్చుని ఉంటాయి. సబ్బు నీళ్ల విషయంలో గెలుపు ఓటములు ఆ అడుగు భాగంలోనే తేలిపోతాయి.

ఒకసారి భూతద్దం పెట్టి దగ్గర్నుంచి చూడండి. మా మందారం చిగురు ఒకటి వంకర తిరిగి, ఆకులు జిగటగా మెరుస్తూ ఉంది. ఆ జిగట పేనుబంక విసర్జించే తేనె బంక. దాని కోసం కాండం వెంట చీమల బారు పైకీ కిందకీ తిరుగుతోంది. చిగురు అడుగున పేనుబంక ఒకదాని మీద ఒకటి ఎక్కి, తలలు కిందకి పెట్టి, నోటి సూదులు దిగేసి కూర్చుంది. పెద్దవాటి వెనక నుంచి పిల్లలు కాళ్లు ఆడిస్తూ బయటికి వస్తున్నాయి. గుడ్డు దశతో గానీ మగదానితో గానీ పని లేకుండా ఆడవి నేరుగా పిల్లల్ని కంటాయి. వెచ్చటి వాతావరణంలో ఆ పిల్ల వారం పది రోజుల్లో తానే తల్లి అవుతుంది. సబ్బు నీళ్లు బాగా తడిసేలా కొట్టాక గంట ఆగి చూస్తే ఆ మెరుపు పోయింది. పచ్చగా ఉబ్బి ఉన్నవి మసకబారి, ముడుచుకుని, కొన్ని నోటి సూది దిగబడే ఉండగా వేలాడుతున్నాయి. మూసుకుని ఉన్న లేత ఆకు మడత విప్పితే మాత్రం లోపల కొన్ని హాయిగా బతికే ఉన్నాయి. నాలుగైదు రోజులకి మళ్లీ కొట్టమనేది అందుకే. గుడ్లు పెట్టే తెల్లదోమ, ఎర్రనల్లి లాంటివాటి విషయంలో ఇది ఇంకా ముఖ్యం, సబ్బు గుడ్ల మీద పెద్దగా పనిచేయదు.

చీమల సంగతి కూడా చూసుకోవాలి. అవి పేనుబంకకి కాపలా కాస్తాయి, పేనుబంకని తినే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. కుండీ కాళ్లని నీళ్ల పళ్లెంలో నిలబెట్టినా, చీమ ఎక్కే దారి తెంపినా సబ్బు నీళ్ల పని సగం తేలికవుతుంది.

ఏ సబ్బు అన్నది చాలా ముఖ్యం. మొక్కలకి సరిపోయేది పొటాషియంతో చేసిన ద్రవ సబ్బు. వాసన, రంగు, బ్యాక్టీరియాని చంపే మందులు కలపని రకం తీసుకోవాలి. అంట్లు తోమే లిక్విడ్, బట్టల పొడి చాలావరకు డిటర్జెంట్లు, జిడ్డు వదలగొట్టడానికే తయారైనవి. ఆకు మీద ఉండే మైనపు పూతని కూడా అవి జిడ్డులాగే వదలగొడతాయి. ఆ పూత పోయిన ఆకు అంచులు గోధుమ రంగుకి తిరిగి మాడతాయి. లీటరు నీళ్లకి పది మిల్లీలీటర్ల ద్రవ సబ్బుతో మొదలుపెడతాను. పురుగు మొండిదైతే ఇరవై వరకు వెళతాను, అంటే రెండు శాతం. అంతకు మించితే పురుగుకంటే మొక్కకే ఎక్కువ బాధ.

నీళ్లు కూడా చూసుకోవాల్సిందే. సున్నం ఎక్కువున్న నీళ్లలో సబ్బు కలిపితే కాల్షియం, మెగ్నీషియంతో కలిసి తెట్టు కడుతుంది. ఆ తెట్టుకి పురుగుని చంపే శక్తి ఉండదు, పైగా నాజిల్‌కి అడ్డం పడుతుంది. ఒక సీసాలో కొద్దిగా కలిపి గట్టిగా ఊపండి. నురగ నిలిచి నీళ్లు సమంగా మసకగా ఉంటే మంచిదే. పైన తెల్లటి పెరుగు తరకల్లాంటివి తేలితే ఆ నీళ్లు వద్దు. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే ఈ గొడవే ఉండదు.

ఎండలో కొట్టొద్దు. ముప్పై రెండు డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో సబ్బు, నూనె రెండూ ఆకుని మాడుస్తాయి. నీళ్లు లేక వాడి ఉన్న మొక్కకి అసలే కొట్టకూడదు, ముందు రోజు నీళ్లు పోసి తేరుకున్నాక కొట్టాలి. నాకైతే తెల్లవారు జామే ఇష్టం. ఆ చల్లదనంలో తెల్లదోమ పెద్దవి బద్ధకంగా ఉంటాయి, మొక్క కదిలించగానే గుంపుగా లేచిపోవు, ద్రావణం నెమ్మదిగా ఆరుతుంది. బూడిద పూసినట్టు మైనపు పొర ఉండే, నీళ్లు దాచుకునే మందపాటి ఆకుల మొక్కల (సక్యులెంట్ల) మీద, ఫెర్న్‌ల మీద సబ్బు వాడను. ఆ పొర ఒకసారి చెరిగితే ఆ ఆకు మీద మళ్లీ రాదు. తెలియని ఏ మొక్కకైనా రెండు మూడు ఆకుల మీద కొట్టి రెండు రోజులు చూడటం నా నియమం.

సబ్బు చేయలేని పనులు కూడా చెప్పాలి. లద్దె పురుగులకి, పెంకు పురుగులకి, కాయ తొలిచే పురుగులకి దానితో లెక్కలేదు. ముదిరి గట్టి డొప్ప కట్టిన పొలుసు పురుగు ఆ డొప్ప కింద క్షేమంగా ఉంటుంది. మిరపలో తామర పురుగులు (త్రిప్స్) మూసుకున్న చిగుళ్లలో దాక్కుంటాయి కాబట్టి కొంతే తగ్గుతాయి. ఇన్ని పరిమితులు ఉన్నా ఇంటి తోటలో రోజూ ఎదురయ్యే పురుగుల్లో ఎక్కువ భాగం మెత్తటి ఒంటివే. అందుకే దీనికి మొదటి స్థానం.

వేపనూనె మీద నాకున్న గౌరవం వేరే రకం. దానికి ఓపిక కావాలి. కొట్టిన మర్నాడు వెళ్లి చూసి పురుగు బతికే ఉందని నిరాశపడేవాళ్లకి ఇది సరిపడదు. వేప గింజలో ఉండే అజాడిరాక్టిన్ అనే పదార్థం పురుగుని అప్పటికప్పుడు పడగొట్టదు. ఒకటి, ఆ ఆకు తినబుద్ధి కాకుండా చేస్తుంది. రెండు, పురుగు కుబుసం విడవడానికి కావాల్సిన హార్మోన్ క్రమాన్ని చెడగొడుతుంది. పెరిగే పురుగు పాత చర్మం విడవలేక మధ్యలో చిక్కుకుంటుంది. బెండ ఆకు మీద ఇలాంటి లద్దె పురుగుని చూశాను. చిన్నగా, నల్లబడి, తల దగ్గర పాత చర్మం పగిలి వెనక సగం ఇంకా అందులోనే ఉంది. దాని చుట్టూ ఆకు ముందు తిన్న కంతలు తప్ప కొత్తవి లేవు. వేప పనిచేస్తోందా లేదా అనేది చచ్చిన పురుగుల లెక్కతో తేలదు. కొత్త కంతలు పడుతున్నాయా లేదా అని చూడాలి.

1959లో సూడాన్‌లో మిడతల దండు విరుచుకుపడినప్పుడు జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్రిచ్ ష్ముటరర్, చుట్టూ పచ్చదనమంతా పోయినా వేప చెట్లు ఆకులతో నిలిచి ఉండటం చూశారు. వేప మీద ఆధునిక పరిశోధనకి ఊపునిచ్చినవాటిలో అదొకటి. అజాడిరాక్టిన్‌ని గింజల్లోంచి వేరుచేసింది 1968లో. ఆ అణువుని ప్రయోగశాలలో మొదటి నుంచి చివరి దాకా కట్టడానికి 2007 దాకా పట్టింది, అంత చిక్కుగా ఉంటుంది దాని నిర్మాణం. చెట్టు మాత్రం ఏటా కాయలతో ఉచితంగా రాల్చేస్తోంది.

కొనేటప్పుడు సీసా మీద రాసింది చదవాలి. గానుగలో చల్లగా తీసిన ముడి నూనెలో అజాడిరాక్టిన్ ఉంటుంది. ముదురు రంగు, ఘాటైన వాసన. శుద్ధి చేసి లేత రంగులో అమ్మే కొన్ని నూనెల్లో ఆ పదార్థం తీసేసి ఉంటారు. అవి నూనెలాగా పురుగు ఊపిరి రంధ్రాల్ని మూయగలవు గానీ, ఆకలి చంపే పని, కుబుసం ఆపే పని చేయవు. అజాడిరాక్టిన్ పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు) లెక్కలో రాసిన సీసాలైతే మోతాదు ఆ లెక్కని బట్టి మారుతుంది, అక్కడ నా కొలత కన్నా సీసా మీది కొలతే పాటించాలి.

కలపడంలో చాలామంది తడబడేది ఇక్కడే. నూనె నేరుగా నీళ్లలో పోస్తే పైకి తేలిపోతుంది. అడుగు నుంచి పీల్చే స్ప్రేయర్ ముందంతా ఉత్త నీళ్లు, చివర్లో చిక్కటి నూనె కొడుతుంది. ఆ చివరి మొక్క మాడిపోతుంది. నేను చేసే పద్ధతి ఇది. గోరువెచ్చటి నీళ్లు కప్పుడు తీసుకుని ముందు అందులో ఒకటి రెండు మిల్లీలీటర్ల ద్రవ సబ్బు కలుపుతాను. తర్వాత ఐదు మిల్లీలీటర్ల నూనె సన్నటి ధారగా పోస్తూ తిప్పుతాను. పాలలా తెల్లగా అయ్యేదాకా ఆగి, మిగతా నీళ్లు పోసి లీటరు చేస్తాను. చల్లటి రోజుల్లో నూనె సీసాలోనే గడ్డకడుతుంది, వేడి నీళ్ల గిన్నెలో కాసేపు నిలబెడితే కరుగుతుంది. నేరుగా పొయ్యి మీద పెట్టొద్దు. కొడుతున్నంతసేపూ మధ్య మధ్యలో స్ప్రేయర్ ఊపుతూనే ఉండాలి.

కలిపింది ఆ పూటకే. నీళ్లలో కలిసిన అజాడిరాక్టిన్ గంటలు గడిచేకొద్దీ బలం కోల్పోతుంది, ఎండలో ఇంకా త్వరగా. మిగిలింది దాచి వారం తర్వాత వాడితే సబ్బు వాసన వచ్చే నీళ్లు కొట్టినట్టే. అందుకే లీటరుకి మించి ఒక్కసారి కలపను. సాయంత్రం ఎండ దిగాక, తేనెటీగలు వెళ్లిపోయాక కొడతాను. రాత్రంతా ఆకు మీద ఉంటుంది. విచ్చిన పువ్వుల మీద పడకుండా చేత్తో అడ్డం పెట్టుకుంటాను. వారం నుంచి పది రోజులకోసారి చాలు. గంధకం వాడిన మొక్కకి రెండు వారాలు గడిచేదాకా ఏ నూనే కొట్టకూడదు, రెండూ కలిస్తే ఆకు మాడుతుంది.

గింజలు దొరికేవాళ్లకి నూనె కన్నా కషాయమే మేలని నా అభిప్రాయం. ఎండిన వేప గింజల పప్పు యాభై గ్రాములు మెత్తగా దంచి, గుడ్డలో మూటకట్టి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున ఆ మూటని నీళ్లలోనే పిసికి, వడకట్టి, కాస్త సబ్బు కలిపితే ఐదు శాతం కషాయం తయారు. రైతులు పొలాల్లో వాడే లెక్క కూడా ఇదే. నూనెలా ఆకు రంధ్రాల్ని మూయదు కాబట్టి ఆకు మాడే భయం తక్కువ. బూజు పట్టిన గింజలు మాత్రం పనికిరావు. నీడలో ఆరబెట్టి, గాలి ఆడే సంచిలో ఉంచినవే తీసుకోవాలి.

వేపనూనెకి నేను కోసే మార్కులు రెండిటికి. ఒకటి వాసన, ఇరుకు బాల్కనీలో రాత్రంతా వదలదు. రెండోది, ఇది చాలామందికి తెలియాలి: వేపనూనె చిన్నపిల్లల కడుపులోకి వెళితే ప్రమాదం. వాంతులు, మూర్ఛలు వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. మొక్క మీద కొట్టే పల్చటి ద్రావణం గురించి బెంగ పడనక్కర్లేదు. ముడి నూనె సీసాని మాత్రం తాళం వేసే చోటే ఉంచండి. చేపల తొట్టి, తామర కుండీ పక్కన కొట్టేటప్పుడు వాటిని కప్పండి.

వెల్లుల్లి, మిర్చి కషాయం అందరికీ ఇష్టమైనది. దీని గురించి నేను చెప్పేది కొందరికి నచ్చకపోవచ్చు. చేయడానికి పడే శ్రమతో పోలిస్తే వచ్చే ఫలితం తక్కువ. రుబ్బేటప్పుడు కళ్లు మండుతాయి, చేతులు రోజంతా మండుతాయి, ఎంత వడకట్టినా పీచు వెళ్లి నాజిల్ మూసుకుపోతుంది. వెల్లుల్లిలోని గంధక పదార్థాలు, మిర్చిలోని క్యాప్సైసిన్ పురుగుల్ని కొంతవరకు దూరం పెడతాయి. అప్పటికే ఆకుల మీద స్థిరపడ్డ పేనుబంకని ఖాళీ చేయించేంత బలం వాటికి లేదు. ఒక వాన పడినా, పైనుంచి నీళ్లు పోసినా మళ్లీ మొదటికే. ఘాటు ఎక్కువైతే లేత ఆకులు కమిలిపోతాయి కూడా.

ఇది నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. ఉడతలు, కుందేళ్ల లాంటి జంతువులకి క్యాప్సైసిన్ మంట బాగా తగులుతుంది. కాయలు కొరికేసే ఉడతలున్న చోట కాయల మీద కొడితే కొంత ఉపశమనం. పక్షులకి మాత్రం ఆ మంట తెలియదు. అడవి మిరప విత్తనాల్ని దూరాలకి చేరవేసేది అవే కదా. టమాటాలు పొడిచే పిట్టలకి మిర్చి కషాయం కొట్టడం వృథా, వల కట్టాల్సిందే. చేసేవాళ్లు చేతులకి తొడుగులు, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. గాలికి ఎదురు నిలబడి కొట్టొద్దు.

బూడిద తెగులుకి పాల నీళ్లు చూసి నేనే ఆశ్చర్యపోయాను. బ్రెజిల్ శాస్త్రవేత్త వాగ్నర్ బెట్టియోల్ 1999లో ప్రచురించిన ప్రయోగంలో, గుమ్మడి జాతి మొక్కల మీద బూడిద తెగులుని పాలు కలిపిన నీళ్లు అదుపు చేశాయి. ఒక వంతు పాలకి తొమ్మిది వంతుల నీళ్లు, వారానికోసారి. గులాబీ ఆకుల మీద తెల్లటి చుక్కలు అక్కడక్కడా కనిపించిన తొలి రోజుల్లోనే మొదలుపెడితే కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి. అప్పటికే తెల్లగా కప్పేసిన ఆకులు బాగుపడవు, వాటిని కోసేయాలి. వెన్న తీసిన పాలు వాడితే వాసన తక్కువ.

వంటసోడా కూడా ఇదే తెగులుకి వాడతారు, లీటరుకి చిన్న చెంచాడు. పనిచేస్తుంది గానీ అందులో సోడియం ఉంది. పదేపదే కొడితే కారిపోయి కుండీ మట్టిలో పేరుకుంటుంది. కుండీలో మట్టి కొంచెమే, ఆ ఉప్పు పోయే దారి లేదు. నేలలో ఉన్న మొక్కకైతే ఒకటి రెండు సార్లకి అభ్యంతరం లేదు. రెండిటికీ పురుగుల మీద ఏ ప్రభావమూ లేదు, బూడిద తెగులుకి మాత్రమే.

పిండినల్లి దూదిలా గుంపుగా కనిపిస్తే స్ప్రే జోలికి వెళ్లను. డెబ్బై శాతం రబ్బింగ్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి ఒక్కోదాన్ని అద్దితే ఆ తెల్ల మైనం కరిగి కింద గులాబీ రంగు పురుగు బయటపడుతుంది, అక్కడికక్కడే చస్తుంది. కొమ్మ కణుపుల్లో, కుండీ అంచు కింద కూడా చూడాలి. మొక్కలు పది లోపు ఉన్నవాళ్లకి ఇంతకంటే మంచిది లేదు.

పొగాకు కషాయం గురించి గట్టిగానే చెబుతాను, చేయొద్దు. నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. కలిపేవాళ్లకే తల తిరగడం, వాంతులు రావచ్చు. మంచి పురుగు చెడ్డ పురుగు తేడా లేకుండా చంపుతుంది. పైగా పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ టమాటాకి, మిరపకి, వంగకి సోకగలదు, అవన్నీ ఒకే కుటుంబం. మొజాయిక్ సోకిన మొక్కకి చికిత్స లేదు. వెనిగర్ ఆకుని కాల్చే ఆమ్లం, కలుపు మీద వాడదగ్గది. ఉప్పు నీళ్లు మట్టిని చంపుతాయి. కిరోసిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

స్ప్రేయర్ గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే పై తీర్పులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ట్రిగ్గర్ నొక్కే చిన్న సీసాలు ఇంట్లో ఆకులు తుడవడానికి సరిపోతాయి. పది కుండీలకి కొట్టేసరికి బొటనవేలు నొప్పి, అలసిపోయి ఆకు పైన మాత్రం తడిపి వచ్చేస్తాం. నేను స్థిరపడింది రెండు లీటర్ల ప్రెషర్ స్ప్రేయర్‌కి. పైన పంపు పదిహేనుసార్లో ఇరవైసార్లో కొట్టి గాలి నింపితే ఆ తర్వాత మీట నొక్కి పట్టుకోవడమే పని. కొనేటప్పుడు ఒక్కటి చూడండి, నాజిల్ పైకి తిరుగుతుందా లేదా. తలకిందులుగా పెట్టకుండా నాజిల్ నోరు ఆకాశం వైపు తిప్పగలిగితే కొమ్మ కిందకి దూర్చి ఆకు అడుగున నేరుగా కొట్టొచ్చు. ఇత్తడి నాజిల్ ప్లాస్టిక్ దానికంటే సన్నటి తుంపర ఇస్తుంది, విప్పి కడగడం కూడా తేలిక. లోపలి రబ్బరు వాషర్ నూనెకి ఉబ్బి గాలి కారుతుంది. అదనపు వాషర్లు ఇచ్చే రకం తీసుకుంటే మంచిది. పని అయ్యాక వేడి సబ్బు నీళ్లు పోసి నాజిల్ గుండా కొంత కొట్టి వదిలేయాలి. కలుపు మందు ఒక్కసారి పోసిన స్ప్రేయర్‌ని మొక్కలకి మళ్లీ వాడొద్దు, కడిగినా సరే.

ఏ మందైనా కొట్టబోయే ముందు ఆ కొమ్మ మీద ఇంకెవరున్నారో చూడాలి. అక్షింతల పురుగు పెద్దది అందరికీ తెలుసు. దాని పిల్లపురుగుని మాత్రం చాలామంది శత్రువనుకుని చంపేస్తారు. బూడిద నలుపు ఒంటి మీద నారింజ చుక్కలు, ఆరు కాళ్లు, చూడటానికి చిన్న మొసలిలా ఉంటుంది. అది తిరిగే కొమ్మ మీద సబ్బు కూడా వద్దు, మెత్తటి ఒళ్లు దానిదీ. ఇంకో గుర్తు, పేనుబంక మధ్యలో కొన్ని ఉబ్బి గుండ్రంగా, లేత గోధుమ రంగులో గట్టిపడి ఉంటాయి. సన్నటి పరాన్న కందిరీగ వాటిలోపల గుడ్డు పెట్టి, పిల్ల లోపలే పెరిగి, వీపు మీద గుండ్రటి కంత చేసుకుని బయటికి వచ్చే డొల్లలు అవి. అలాంటివి ఆకుకి నాలుగైదు కనిపిస్తున్నాయంటే ఆ మొక్క మీద పని మొదలైపోయిందన్నమాట. అక్కడ నేను స్ప్రేయర్ పక్కన పెట్టి వారం ఆగుతాను.

మిరపలో ముడతకి ఏం కొట్టాలని చాలామంది అడుగుతారు. ముందు ఆకు ఎటు ముడుచుకుందో చూడండి. అంచులు పైకి లేచి దొన్నెలా అయితే తామర పురుగులు. వాటికి సబ్బు నీళ్లు, మర్నాడు సాయంత్రం వేప, చిగుళ్లు బాగా తడిసేలా. అంచులు కిందకి వంగి, కాడ సాగి, చిగురు గట్టిపడితే నల్లి. దానికి నీటిలో కరిగే గంధకం వేప కన్నా బాగా పనిచేస్తుంది. అందుకే వేప కొట్టేముందే ఏ ముడతో తేల్చుకోవాలి, గంధకానికీ నూనెకీ మధ్య రెండు వారాల ఎడం సంగతి పైన చెప్పాను. ఈ రెండూ కాక ఆకులు చిన్నవై, పసుపు పచ్చ కలిసి, మొక్క ఎదుగుదల ఆగి గుబురుగా అయితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. టమాటాలోనూ ఇదే కనిపిస్తుంది. ఇంట్లో కలిపిందైనా కొట్టులో కొన్నదైనా ఏ మందూ దాన్ని నయం చేయలేదు. ఆ మొక్క మీద దోమలు ఎగిరిపోకుండా తెల్లవారుజామునే సంచి తొడిగి, వేళ్లతో సహా పీకి, సంచి మూతి కట్టి పారేయాలి. పక్క కుండీల ఆకుల అడుగున అదే పూట సబ్బు నీళ్లు కొట్టి, నాలుగైదు రోజులకి మళ్లీ కొట్టాలి.